పాల వంటింట్లో వియ్యంకుడి కత్తి

వైన్‌లాండ్, న్యూ జెర్సీ
అక్టోబరు, పాకల పండుగ వెళ్ళిన వారం

వియ్యపురాలు జ్లాటె గారికి అన్షెల్ పొమెరాంట్స్ రాయునది.

ఇక్కడ నేనూ నా కోళ్ళూ క్షేమం. అక్కడ మీరూ, మా కోడలు హిండే, మా సుపుత్రుడు నోఖెమూ కులాసా అని తలుస్తాను. తలచడమే గాని తెలిసే దారి లేదు. మావాడి ఉత్తరాలు మీరెరగనివి కావు. సిరాకి కరువొచ్చినట్టు రాస్తాడు. మొన్నటి దాంట్లో మొదటి ముక్క, బాగున్నాం. రెండో ముక్క, చలి మొదలైంది. మూడో ముక్క, "అత్తయ్య ఈ హనుక్కాకి రోజుకో రకం లాట్కె వేస్తుందట." ఆ కింద సంతకం.

ఇంత పెద్ద వార్తని చలి పక్కన కూర్చోబెట్టి రాసే కొడుకుని కన్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

ఎనిమిది దీపాల పండగకి ఎనిమిది రకాల లాట్కెలా? ఏం తల్లీ, బంగాళాదుంప మీకేం అపకారం చేసింది? దుంప తురిమి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయా గుడ్డూ కలిపి, చిన్న అట్టులా తట్టి ఎర్రగా వేయిస్తే అది లాట్కె. అందులో రకాలేమిటి? మా తాత అసలు బంగాళాదుంపనే నమ్మలేదు. "మట్టిలో దాక్కుని పెరిగేది ఎవరికో బాకీ ఉండే ఉంటుంది" అనేవాడు. ఆయన రోజుల్లో మా ఊళ్ళో ఈ పండక్కి పాలవిరుగుడుతోనే అట్లు పోసేవాళ్ళు. దుంప వచ్చిందీ, చవగ్గా వచ్చిందీ, ఊరంతా దుంపకి దాసోహం అంది. మా తాత ఒక్కడే చివరిదాకా విరుగుడు అట్టు తిని, అందరికంటే ముందు పోయాడు. దీన్నుంచి ఏం నేర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. మాటల్లో వచ్చింది, రాశాను.

అయినా మీది పాల భోజనశాల. మాంసం మీ గడప తొక్కదు. వెన్నలోనో నూనెలోనో వేయించి పైన పుల్లమీగడ పెట్టి ఇస్తారు. ఇవ్వండి, జ్వరం తగ్గినవాడికి మంచి పథ్యం. నాబోటి పల్లెటూరివాడు మాత్రం పెద్దబాతు కొవ్వు కరగబెట్టి అందులో వేయిస్తాడు. మాంసమూ పాలూ కలవకూడదన్నది మన ధర్మం కనక ఆ లాట్కె మీద మీగడ పడదు. పడక్కర్లేదు కూడా. కొవ్వులో వేగిన అంచు పంటి కింద పడ్డప్పుడు చెవులకి వినబడుతుంది చూడండి, ఆ చప్పుడు మీ వీధిలో ఎవరూ విని ఉండరు.

మగపెళ్ళివారి మాట, కాస్త విలువ ఇవ్వండి.

అన్షెల్


బ్రాంక్స్, న్యూయార్క్
బుధవారం

వియ్యంకుడు అన్షెల్ గారికి,

మీ ఉత్తరం అందింది. చదివేసరికి పొయ్యి మీద సూపు ఒక పొంగు పొంగింది. పొయ్యి తుడిచి జవాబు రాస్తున్నాను.

మొదట మగపెళ్ళివారి సంగతి. జూన్‌లో పెళ్ళికి మగపెళ్ళివారు తెచ్చింది ఒక బుట్టెడు గుడ్లు. అందులో సగం రైల్లోనే పగిలాయి. ఆ విలువకి తగ్గ విలువ ఇస్తూనే ఉన్నాను.

రెండోది పెద్దబాతు కొవ్వు. మీ ఆరోగ్యం మీ ఇష్టం. నలభై ఏళ్ళుగా మా వీధిలో పెద్దబాతు కొవ్వు తిన్న మగవాళ్ళ పెళ్ళాలే నా దగ్గరికొచ్చి ఒంటరిగా కూర్చుని పాలసూపు తాగుతున్నారు. ఇంతకన్నా చెప్పను.

మూడోది, మీరు వేళాకోళం చేశారు గాని నాకది వేళాకోళం కాదు. ఎండాకాలంలో ఎదురుగా పెద్ద కెఫెటీరియా తెరిచారు. అద్దాల తలుపులు, మెరిసే బల్లలు. లాట్కెలు కూడా అమ్ముతున్నారు. నేను తెప్పించి చూశాను. గోడకి కొడితే గోడ పగులుతుంది. కానీ మనుషులు వెళ్తున్నారు. పాతికేళ్ళుగా నా దగ్గర తింటున్న ముసలాయన ఒకడు అక్కడ తిని, నా దగ్గరికొచ్చి నిమ్మరసం టీ తాగుతూ, "జ్లాటె, వాళ్ళ దగ్గర రకాలెక్కువ" అన్నాడు. టీ ముందే ఇచ్చేశాను కనక బతికిపోయాడు.

హనుక్కా బాగా జరిగితే చలికాలం గడుస్తుంది. లేకపోతే వసంతంలో తలుపు మూయడమే. హిండె, నోఖెమ్ ఇద్దరికీ ఈ వంటిల్లే జీవనం. మీరు నవ్వులాటగా రాసిన విషయం ఇది.

మాకున్న బలం ఒక్కటే. కిటికీలో మా మతగురువు రబ్బీ తెవెల్స్ గారి సంతకంతో కాగితం ఉంది. ఈ వంటింట్లోకి మాంసం రాదు, కళ్ళు మూసుకుని తినవచ్చని అందులో రాసి ఉంది. ఎదుటివాళ్ళకి అది లేదు. దానికి తోడు రకాలు కూడా ఉంటే ఎవరు అటు పోతారో చూస్తాను.

మొదటి రోజు మామూలువి. తర్వాత బీట్‌రూట్‌వి, చిలగడదుంపవి, మీ తాతగారి విరుగుడువి (మీ కన్నా ఆయనకే బుద్ధి ఎక్కువ), ఆపిల్ తురిమి వేసినవి. మిగతావి ఇంకా తేలలేదు. బీట్‌రూట్‌వి పెనం మీద ముద్దగా విడిపోతున్నాయి. మీకేమైనా తెలిస్తే రాయండి. తెలియకపోతే కథలు రాయకండి.

జ్లాటె


వైన్‌లాండ్
నవంబరు, మొదటి మంచు

వియ్యపురాలుగారూ,

కథలు వద్దన్నారు. సరే, ముందు పని.

బీట్‌రూట్ ఒంటి నిండా నీళ్ళే. దాన్ని ఒంటరిగా వదలకండి. మూడు వంతుల బంగాళాదుంపతో కలపండి. తురిమింది గుడ్డలో వేసి, మీకు నచ్చనివాడి మెడ తలుచుకుంటూ పిండండి. ఆ నీళ్ళు పారబొయ్యకండి. గిన్నెలో కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి గంజి పేరుకుంటుంది. పైనీళ్ళు వంచేసి, ఆ గంజిని మళ్ళీ తురుములో కలపండి. పిండి పోసి గట్టిపరిచేవాడు వంటవాడు కాదు, తాపీమేస్త్రీ.

ఇది నాకెవరూ నేర్పలేదు. ఇక్కడ సాయంత్రాలు పొడుగు. కోళ్ళు చీకటి పడకుండానే పడుకుంటాయి. మనిషన్నవాడు ఏదో ఒకటి చేయాలి. గిన్నెలో గంజి పేరుకోవడం చూశాను. చూడగా చూడగా అర్థమయింది. నా చదువంతా ఇలాగే సాగింది. ఒకప్పుడు పక్క పొలం షెప్సెల్ నాకో పాత విజ్ఞాన సర్వస్వం ఇచ్చాడు, మొదటి సంపుటం ఒక్కటే. అందుకని మొదటి అక్షరంతో వచ్చే విషయాలన్నీ నాకు కొట్టిన పిండి, తర్వాతవి ఏవీ తెలియవు. షెప్సెల్ ఏదైనా అడిగితే ముందు అది ఏ అక్షరంతో మొదలవుతుందో చూసుకుని నోరు తెరుస్తాను.

ఇక మీ బీట్‌రూట్ లాట్కెల విషయం. నిన్న చేశాను. పెద్దబాతు కొవ్వులోనే చేశాను, మీరు ఎన్ని దెప్పినా సరే. దాని పక్కన ఏముందనుకున్నారు? పొయ్యిలోంచి సెగలు కక్కుతూ వచ్చిన పెద్దబాతు! బల్ల మీద పెట్టుకుని, జేబులోంచి నా కత్తి తీసి, తొడ దగ్గర ఒక్క గీత గీశాను. వెన్నలా విడిపోయింది. ఆ తొడా, ఈ ఎర్రటి లాట్కే, కిటికీ బయట మంచూ. మీ పుల్లమీగడ ఆ క్షణంలో ఎంత దూరాన ఉందో చెప్పలేను.

కెఫెటీరియావాళ్ళ మీద దండెత్తండి. నా గుడ్లు మీ వెనకాలే నడుస్తాయి. ఈసారి గడ్డిలో చుట్టి పంపుతున్నాను.

అన్షెల్


బ్రాంక్స్
నవంబరు ఆఖరు

వియ్యంకుడుగారికి,

గుడ్లు చేరాయి. రెండే పగిలాయి. మీ కుటుంబం బాగుపడుతోంది.

గంజి చిట్కా పనిచేసింది. పొంగిపోకండి. బీట్‌రూట్ లాట్కెలు నిలిచాయి, అంచు కరకరలాడింది, మీగడ వేస్తే గులాబీరంగు తిరిగింది. టీ ముసలాయనకి ఒకటి ఊరికే పెట్టాను. తిని, మూతి తుడుచుకుని, "రంగు బాగాలేదు" అని, ఇంకోటి అడిగాడు.

చిలగడదుంప మొండికేసింది. తీపెక్కువై త్వరగా మాడుతోంది. హిండె దానికి అల్లం, కాస్త మిరియాలపొడి వేసి, మంట తగ్గించి దారికి తెచ్చింది. పిల్లకి చెయ్యి ఉంది. మీ అబ్బాయి రుచి చూసి "బాగుంది" అన్నాడు. ఏది బాగుంది అని అడిగితే, "ఏది పెట్టారు?" అన్నాడు.

మీ పెద్దబాతు వర్ణన చదివాను. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా తగ్గుతుందేమోనని. తగ్గలేదు. కొవ్వులో వేయిస్తే దుంప రుచి చచ్చిపోతుంది. మీరు తింటున్నది బాతుని. దుంప దానికి పళ్ళెం మాత్రమే. దీనికి జవాబుంటే రాయండి.

రాయడం దేనికి, పండగ మొదటి రోజు ఆదివారం, రండి. నా బల్ల దగ్గర కూర్చుని, పుల్లమీగడతో ఒకటి తిని, నా మొహం చూసి చెప్పండి బాగోలేదని.

జ్లాటె


వైన్‌లాండ్
హనుక్కా మొదటి రోజు, ఆదివారం రాత్రి

వియ్యపురాలుగారూ,

రైలు దిగి కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను. పండగ నిన్న రాత్రే మొదలైంది కనక రెండో దీపం వెలిగించి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఏం జనమమ్మా! వీధి చివరిదాకా వరస. నేను వరసలో నిలబడితే వెనకాల ఒకావిడ, "తాతా, ఎక్కువ తినకు, మాకు మిగల్చు" అంది. ఎదుటి కెఫెటీరియాలో గుమాస్తా అద్దంలోంచి చూస్తూ అద్దమే తుడుస్తున్నాడు, ఎంతసేపో. మీరు గల్లాపెట్టె దగ్గర సేనాధిపతిలా ఉన్నారు. పలకరించే సందు దొరకలేదు. మీ లాట్కె గురించి నా అభిప్రాయం తర్వాత ఉత్తరంలో, వివరంగా. తేలిగ్గా వదలను.

మీకు తెలియని ఒక సంగతి. మగపెళ్ళివారు ఊరికే తిని పోలేదు. మధ్యాహ్నం వంటింట్లోకి తొంగి చూస్తే, ఉల్లిపాయలు తరిగే ఆవిడ జ్వరమని రాలేదట. హిండె ఒక్కర్తే పెనాల మధ్య అల్లాడుతోంది. "మామయ్యా, మీరు కూర్చోండి" అంది. "కూర్చోవడానికైతే మా ఇంట్లో కుర్చీ ఉందే" అన్నాను. పిల్ల పెనం వైపు తిరిగింది, నేను ఉల్లిపాయల వైపు తిరిగాను. మీ గోడకి వేలాడే కత్తి ఒకటి అందుకున్నాను. వియ్యపురాలుగారూ, ఏమీ అనుకోకండి, దాంతో వెన్న కూడా తెగదు. అందుకని నా జేబుకత్తి తీశాను. నా కత్తి సంగతి మీకు తెలుసుగా, రాశాను. బస్తా ఉల్లిపాయలు! అది వాటి మధ్య పడవలా సాగింది. సాయంత్రం దాకా మీరు అమ్మిన ప్రతి లాట్కెలోనూ ఈ అన్షెల్ చెయ్యి ఉంది. కావాలంటే కిటికీలో నా పేరు కూడా రాసుకోండి.

సంతోషంగా,
అన్షెల్


బ్రాంక్స్
సోమవారం. ఎక్స్‌ప్రెస్ టపా

అన్షెల్,

మీ ఉత్తరం ఇప్పుడే చదివాను. వంటిల్లు మూయించాను. పెనాలు దించేశాం. బయట జనం తలుపు కొడుతున్నారు.

మీరు ఏం చేశారో మీకు తెలిసే ఉండాలి. మీరూ యూదు ఇంట్లోనే పుట్టారు. ఉల్లిపాయ ఘాటైన సరుకు. కత్తిలో ఏముంటే దాన్ని లాగేసుకుంటుంది. వేడి మాంసం కోసిన కత్తితో తరిగితే ఆ ఉల్లిపాయ మాంసంతో సమానం. దాన్ని నా పెనాల్లో వేయించాం. నా మీగడతో వడ్డించాం. జీవితంలో ఒక్కసారి కూడా పాలూ మాంసం కలపని ముసలివాళ్ళు నా బల్ల దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని తిన్నారు.

కత్తి సంగతి తెలుసుగా అన్నారు. తెలుసు. పొయ్యిలోంచి తీసిన పెద్దబాతుని కోసిన కత్తి. మీరే రాశారు.

ఇది మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. వచ్చింది, ఒక గ్లాసు నీళ్ళు తాగేంతసేపు ఉంది. తర్వాత కోటు వేసుకుని రబ్బీ తెవెల్స్ గారి దగ్గరికి వెళ్ళాను. కిటికీలో కాగితం తీయమనలేదు, ఇంకా. ఆ కత్తి ఎప్పుడు, దేనికి వాడారో మీ చేతిరాతతో కావాలన్నారు. ఫోన్లో చెబితే కుదరదన్నారు. నిజం కావాలన్నారు.

జ్లాటె


వైన్‌లాండ్
మంగళవారం. ఎక్స్‌ప్రెస్

జ్లాటె గారూ,

రబ్బీగారికి చూపించండి.

అన్షెల్ పొమెరాంట్స్ అనే నేను రాసి ఇచ్చేదేమంటే, ఆ కత్తి వేడి మాంసం గాని చల్లటి మాంసం గాని ఎన్నడూ ముట్టలేదు. నా భార్య రెయిజెల్ పోయాక, దాణా బస్తాల తాళ్ళు కోయడానికి కొన్నాను. తాళ్ళు, ఆపిళ్ళు, రొట్టె, జున్ను, ఉల్లిపాయలు. అంతే.

పెద్దబాతు లేదు. నా పొలంలోనూ లేదు, పొయ్యిలోనూ లేదు. మాంసం వండాలంటే నానబెట్టాలి, ఉప్పు చల్లాలి, నెత్తురంతా కారిపోయేదాకా పలక మీద వాల్చి ఉంచాలి, మళ్ళీ మళ్ళీ కడగాలి. అదంతా రెయిజెల్ చూసుకునేది. ఆవిడ పోయిన నెలలో ఒకసారి ప్రయత్నించాను. ఉప్పు ఎక్కడుందో వెతికేసరికే సాయంత్రమయింది. మర్నాడు గుడ్లు ఉడకబెట్టుకున్నాను. ఆ మర్నాడూ అంతే. అలా నాలుగేళ్ళయింది. నా ఇల్లు మొత్తం పాల వంటిల్లే. మాంసం గిన్నెలు కట్టగట్టి అటక మీద పెట్టాను. లాట్కెలు నూనెలో వేయించుకుంటాను. పుల్లమీగడతో తింటాను. నవ్వండి.

మరి అలా ఎందుకు రాశానంటారా? కోళ్ళు పెంచేవాడు కోడిని తినడంటే ఈ చుట్టుపక్కల పొలాలవాళ్ళు బతకనిస్తారా? షెప్సెల్ ఒక్కడు చాలు, ప్రార్థన మధ్యలో కూడా నవ్వుతాడు. అందుకని అందరికీ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. మీకూ అలాగే రాశాను.

ఆదివారం మీ వంటింట్లో ఆ కత్తి తీసినప్పుడు నాకు అనుమానమే రాలేదు. నా కత్తి శుభ్రమని నాకు తెలుసు. దాని పదును గురించి మీకు రాశానని గుర్తుంది, దేన్ని కోసినట్టు రాశానో మాత్రం మరిచిపోయాను.

అన్షెల్


బ్రాంక్స్
బుధవారం

వియ్యంకుడుగారికి,

మీ కాగితం తీసుకెళ్ళాను. రబ్బీగారు చదివారు, మీ నవంబరు ఉత్తరం కూడా అడిగి తీసుకుని చదివారు. రెంటినీ పక్కపక్కన పెట్టారు.

"ఇందులో ఒకటి అబద్ధం" అన్నారు.

"మొదటిదండీ" అన్నాను.

"నువ్వు అలా అనుకోవాలనే రెండోది రాశాడేమో? వియ్యపురాలి కొట్టు మునుగుతోందని తెలిసి, మంచివాడు కనక."

నోఖెమ్‌ని పిలిపించారు. "మీ నాన్న ఇంట్లో మాంసం వండుతారా?" అని అడిగారు. మీ అబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. "వెళ్ళినప్పుడల్లా భోంచేశానండీ" అన్నాడు. "ఏం తిన్నావు?" అంటే, "పేపరు చదువుతూ తిన్నానండీ" అన్నాడు. హిండె అతని వైపు చూసిన చూపు మీకు వర్ణించను.

అప్పుడు రబ్బీగారు న్యాయం చెప్పారు. ఒక మాట అన్నవాడు తర్వాత దానికి తలకిందులుగా అంటే నమ్మడానికి లేదు. కానీ మొదట అబద్ధం ఎందుకు ఆడాడో మనసుకి పట్టే కారణం చూపిస్తే నమ్మవచ్చు. పూర్వం నుంచీ ఉన్న పద్ధతి ఇది. మీరు కారణం రాశారు. అది చాలదన్నారు.

"చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతారని చుట్టుపక్కలవాళ్ళకి అబద్ధం చెప్పాడు, సరే. బ్రాంక్స్‌లో ఉన్న నీకెందుకు చెప్పాడు? నీకు షెప్సెల్ ఎవరో తెలియదు. నువ్వు నడిపేదే పాల భోజనశాల. నేనూ మీగడే తింటానని రాస్తే నువ్వు నవ్వేదానివా, మెచ్చుకునేదానివా?"

మెచ్చుకునేదాన్నే అన్నాను.

"మరి మెప్పు వదులుకుని ఎందుకు అబద్ధమాడాడు? అది చెబితే కత్తిని నమ్ముతాను. లేకపోతే ఆ కత్తి బాతుని కోసిందే. పెనాలన్నీ కాల్చాలి, పింగాణీ పారేయాలి, కాగితం తీసేయాలి."

ఎదుటివాళ్ళు ఈ రోజు అద్దం మీద "మా దగ్గరా రకాలు" అని రాయించారు. తలుపు వేసే ఉంది. ఆలోచించి రాయండి. తోచిన కారణం కాదు, ఉన్న కారణం రాయండి.

జ్లాటె


వైన్‌లాండ్
గురువారం. ఎక్స్‌ప్రెస్

జ్లాటె గారూ,

ఇది చిన్న ఉత్తరం. పెద్దది రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ కోళ్ళ వైపు మళ్ళింది.

పిల్లల పెళ్ళయిన కొత్తలో మీకు మొదటి ఉత్తరం రాశాను, గుర్తుందో లేదో. మర్యాదగా రాశాను. పెళ్ళి బాగా జరిగింది, మీ వంట బాగుంది, పుల్లమీగడ లాంటిది నేనింకెక్కడా తినలేదు అని. మీరు ఒక కార్డు రాశారు. "మీ అభిమానానికి కృతజ్ఞతలు." అంతే. అక్కడితో ఆగిపోయింది. అందులో జవాబు రాయడానికి ఏముంది? ఎండాకాలమంతా పోస్టు పెట్టెలో దాణా బిల్లులే.

తర్వాత నోఖెమ్ లాట్కెల సంగతి రాశాడు. కలం పట్టుకుని కూర్చున్నాను. బాగుంది, చెయ్యండి అని రాస్తే మళ్ళీ ఇంకో కార్డు వస్తుంది. అందుకని పెద్దబాతు కొవ్వు అని రాశాను. వారం తిరక్కుండా మీ జవాబు వచ్చింది. నాలుగు పేజీలు, అన్నీ తిట్లే.

మీతో ఏకీభవించి ఉంటే మీరు నాకేం రాసేవాళ్ళు?

ఇదే కారణం. ఇంకోటి లేదు. రబ్బీగారికి ఇది చూపించాల్సి వస్తుందని తెలుసు. చూపించండి.

అన్షెల్ పొమెరాంట్స్


బ్రాంక్స్
హనుక్కా ఎనిమిదో రోజు, ఆదివారం సాయంత్రం

అన్షెల్ గారూ,

శుక్రవారం పొద్దున మీ ఉత్తరం చేరింది. నేను చదివాను. తర్వాత అది ఇంకొకరి చేతికి ఇవ్వడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇచ్చాను.

రబ్బీగారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తరచుగా రాస్తాడా?" అన్నారు.

"రాస్తారండీ."

"నువ్వు జవాబిస్తావా?"

"తప్పుగా రాస్తే ఊరుకోలేనండీ."

"ఎప్పుడైనా సరిగ్గా రాశాడా?"

"ఒక్కసారి. గంజి గురించి."

ఆయన నవ్వలేదు గాని గడ్డం మాత్రం కదిలింది. లోపల్నుంచి వాళ్ళావిడ, "ఏమిటండీ ఆ కేసు? ఇంకా తేలలేదా?" అని అడిగింది. "తేలింది" అన్నారు. నాతో, "జ్లాటె, ఈ కారణం నిలుస్తుంది. ఆయన ఉత్తరాలు రాశాడు, నువ్వు జవాబులు రాశావు, ఇద్దరి సాక్ష్యమూ ఉంది. కత్తి శుభ్రం. వంటిల్లు శుభ్రం. వెళ్ళి పొయ్యి వెలిగించు, సబ్బాతు రాబోతోంది" అన్నారు.

కత్తి శుభ్రమని ఆయన తీర్పిచ్చారు. నేనివ్వలేదు. దాణా బస్తాల తాళ్ళు కోసిన కత్తితో నా ఉల్లిపాయలు తరిగారు మీరు! మళ్ళీ నా వంటింట్లోకి వచ్చేటప్పుడు ఆ కత్తి గుమ్మం దగ్గర పెట్టి రావాలి.

శుక్రవారం వ్యవధి చాలలేదు. నిన్న సబ్బాతు, పొయ్యి ముట్టకూడని రోజు. ఈ రోజు తలుపు తీశాం. పోయిన రోజులవన్నీ ఒక్కరోజే వేశాం, ఎనిమిది రకాలూ. తలుపు ఎందుకు మూశామో నేనే చెప్పాను, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ. దాచితే ఇంకోలా పాకుతుంది. వియ్యంకుడి కత్తి మీద అనుమానమొస్తే పండగ మధ్యలో కొట్టు మూసుకున్నానన్నాను. అది వీధంతా ఎలా తిరిగిందో తెలియదు గాని, ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. ఒకాయన లాట్కె ఏ రకమో కూడా చూడకుండా, "ఇక్కడే పెట్టమ్మా" అని కూర్చున్నాడు. ఎదుటి అద్దం మీద "మా దగ్గరా రకాలు" అలాగే ఉంది. దాని వెనకాల కుర్చీలే ఉన్నాయి. వసంతంలో తలుపు మూసే మాట ఇంక ఎత్తను. విరుగుడువి అందరికంటే ముందు అయిపోయాయి. చిలగడదుంపవి హిండె పేరు మీద నడిచాయి. నోఖెమ్ పళ్ళేలు అందించాడు, రెండు తారుమారు చేశాడు, ఎవరూ తిట్టలేదు.

మంగళవారందీ గురువారందీ, మీ కాగితాలు రెండూ రబ్బీగారు ఉంచుకుంటానన్నారు. మొదటిది ఇచ్చాను. రెండోది ఇవ్వలేదు.

ఇక అసలు విషయం. మీరు పుల్లమీగడ తింటారని ఒప్పుకున్నారు కనక లాట్కెల మీద మనకి తగవు లేదు. ఇది నాకు నచ్చలేదు. అందుకని వినండి. వచ్చే వారం నుంచి చేప ఉండలు మొదలుపెడుతున్నాను, మిరియాలతో. మీరు పుట్టిన గలీసియా వైపు చేపలో చక్కెర వేస్తారని విన్నాను. చేపలో చక్కెర వేసేవాళ్ళకి నాలుకుందని నేననుకోను. మీరేమంటారు? తొందరేం లేదు, బాగా ఆలోచించి రాయండి. నాతో ఏకీభవించేట్టయితే మాత్రం స్టాంపు దండగ చేసుకోకండి.

జ్లాటె